అడిగినట్టు రుజువు

రెండేళ్ళలో ఒక్కరు కూడా నెగ్గని రూలు ఒకటి మా ఆఫీసులో ఉండేది. దాన్ని పెట్టించింది నేనే. ఆ సంగతి దాచుకోలేదు, పైగా ఇంట్లో భోజనాల దగ్గర చెప్పుకుని మురిసిపోయాను.

మాది విద్యార్థులకు ఉపకారవేతనాలిచ్చే ఆఫీసు. తల్లిదండ్రుల సంపాదన తక్కువైతే మామూలు పద్ధతిలో ఇచ్చేస్తాం. సంపాదన ఉండి కూడా ఇంట్లోవాళ్ళు చదివించని పిల్లలకు ఇంకో పద్ధతి ఉంది. వాళ్ళను కుటుంబ ఆసరా లేనివారు అంటాం. తంటా అంతా ఈ రెండోదానితోనే. మా ఇంట్లో పట్టించుకోరు అని ఎవరైనా రాయొచ్చు, కన్నీళ్ళను కొలిచే తక్కెడ లేదు కదా. అందుకని ఒక మీటింగులో లేచి నిలబడి చెప్పాను. సాయం కావాలని ఇంట్లో రాతపూర్వకంగా అడిగి ఉండాలి, ఇంట్లోవాళ్ళు రాతపూర్వకంగానే కాదని ఉండాలి, రెండూ జతచేస్తేనే ఫైలు ముందుకు కదలాలి. మా సెక్షన్ హెడ్ తలూపాడు. అది రూలైపోయింది.

ఆ తర్వాత నలభై మూడు ఫైళ్ళు వచ్చాయి, నలభై మూడూ తిప్పి కొట్టాను. ఒక కుర్రాడు ఇలా రాశాడు: "మా నాన్న కాగితం మీద జవాబివ్వడండీ, చేత్తోనే ఇస్తాడు." భలే రాశాడే అనుకుని, కింద 'రాతపూర్వక రుజువు లేదు' అని సంతకం పెట్టాను. ఆఫీసులో నన్ను జల్లెడ అంటారు. నా ఎదుట అనరు గానీ గోడలకే కాదు, నాకూ చెవులున్నాయి. ఆ పేరంటే నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

నలభై నాలుగో ఫైలు ఒక సోమవారం పొద్దున వచ్చింది. తెచ్చింది మసి బాబాయ్. ఫైళ్ళలో ఊరూ పేరూ కనబడకుండా నల్ల సిరా పూసి మాకు పంపడం ఆయన పని. పరిశీలించేవాళ్ళకు అవతలివాళ్ళెవరో తెలియకూడదని ఆ ఏర్పాటు. ఎప్పుడు చూసినా వేళ్ళు నల్లగా ఉంటాయి కాబట్టి ఆ పేరు. మామూలుగా ఫైళ్ళ కట్ట బల్ల మీద పడేసి పోతాడు. ఆ రోజు ఒక్క ఫైలే రెండు చేతులతో తెచ్చి పెట్టాడు.

"మీ రూలుకు అచ్చంగా సరిపోయేదమ్మా. తీరిగ్గా చూడండి" అన్నాడు.

మొదటి పేజీలో చక్కగా పట్టిక ఉంది. ఇంట్లో అడిగిన కాగితాలు ముప్ఫై ఒకటి. కాదన్న జవాబు ప్రతి కాగితం అడుగునా ఉంది. మనసులో చప్పట్లు కొట్టాను. ఇన్నాళ్ళకు ఒక పద్ధతి గల పిల్ల వచ్చింది అనుకుంటూ పేజీ తిప్పాను.

'గౌరవనీయులైన అమ్మగారికి' అని మొదలైంది. పిల్ల పేరున్నచోట మసి. అడుగున ఎర్ర సిరాతో 'కారణం చాలదు. మళ్ళీ రాయి.' దాని కింద రెండు గీతలు, రెండో గీత చివర ఒక కొక్కెం.

ఆ కొక్కెం నాది. ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఫైలు కిందా అలాగే గీస్తున్నాను.

ఇంకో పేజీ తిప్పాను. కొక్కెం. ఇంకోటి. కొక్కెం. ఎదుటి బల్లమీద ఎవరో స్టాంపు గుద్దితే ఉలిక్కిపడ్డాను. ఆ ఫైలు మా చిన్నదానిది. నా కూతురిది.

మా ఇంటి ఆచారం గురించి చెప్పకపోతే ఇది ఎవరికీ అర్థం కాదు. పిల్లలిద్దరూ చిన్నప్పుడు అది కావాలి ఇది కావాలి అని ప్రాణం తీస్తుంటే, ఒకరోజు విసిగి, కావలసింది అప్లికేషన్ రాసి ఇవ్వండి అన్నాను. అడగందే అమ్మయినా పెట్టదు, అడగడం కూడా ఒక విద్య, నేర్చుకోండి అన్నాను. వంటగది తలుపుకు ఒక క్లిప్పు తగిలించాను. పిల్లలు రాసి దానికి పెట్టేవాళ్ళు, నేను ఎర్ర పెన్నుతో మంజూరనో కాదనో రాసేదాన్ని. చుట్టాలొస్తే వాటిని చదివి వినిపించేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. ఇంత పద్ధతిగా పిల్లల్ని పెంచేవాళ్ళు ఎవరున్నారు అని మెచ్చుకునేవాళ్ళు.

మా పెద్దాడు రెండు ముక్కలు రాసేవాడు. అది కూడా కోడి గీకినట్టు. వాడి రాత చదవలేక, మళ్ళీ రాయించే ఓపిక లేక, ఇచ్చేసేదాన్ని. కొన్నాళ్ళకు వాడు రాయడమే మానేసి వంటగది గుమ్మంలో నిలబడి "అమ్మా, బూట్లు చిరిగాయి" అనేవాడు. అదీ ఇచ్చేసేదాన్ని.

చిన్నది అలా కాదు. అది విషయం, కారణం, వివరణ అన్నీ రాసేది. మార్జిన్ వదిలేది. ఎంత బాగా రాసేదంటే చదివినకొద్దీ ఇంకా చదవాలనిపించేది. అందుకని తిప్పి పంపేదాన్ని.

ఈ మాట నేను ఆ సోమవారం దాకా నాకు నేనే చెప్పుకోలేదు. కారణం చాలక కాదు. ఇంకోసారి రాస్తే ఇంకా బాగా రాస్తుందని.

తొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయాను. ఏడో తరగతిలో రాసింది. 'బోర్డు మీద అక్షరాలు ఒక్కొక్కటి రెండుగా కనబడుతున్నాయి. ఏది నిజమైనదో తెలియక రెండోదాన్ని రాసుకుంటున్నాను. కళ్ళజోడు ఇప్పించగలరు.' కింద నా ఎర్ర సిరా: 'రెండోదాన్ని రాసుకుంటున్నాను అన్నది చక్కటి వాక్యం. అయితే ముందు బెంచీకి మారితే సరిపోదా? మళ్ళీ రాయి.' పదో పేజీ కూడా కళ్ళజోడు గురించే. పదకొండూ అదే. పన్నెండో పేజీలో జామెట్రీ బాక్సు అడిగింది. మధ్యలో ఏం జరిగిందో అప్పుడు గుర్తొచ్చింది. స్కూలు నుంచి చీటీ వస్తే, మా ఆయన పని మానుకుని తీసుకెళ్ళి కళ్ళజోడు కొనిపెట్టారు. వచ్చాక నేను అన్న మాట కూడా గుర్తొచ్చింది. నాలుగోసారి రాసి ఉంటే నేనే ఇచ్చేదాన్ని కదా అన్నాను.

ఆఖరి కాగితం పోయినేడాదిది. కంటి పరీక్షలు చేసే కోర్సులో చేరతానని నాలుగు పేజీలు రాసింది. 'భాష బాగుంది. అవసరం ఇంకా బలంగా చెప్పాలి. మళ్ళీ రాయి' అన్నాను. అది మళ్ళీ రాయలేదు. కళ్ళజోళ్ళ షాపులో పనికి కుదిరింది, దగ్గరగా ఉంటుందని ఒక స్నేహితురాలితో గది తీసుకుంది. ఆ కోర్సు మీద మోజు తగ్గింది కాబోలు అనుకుని నేను నా పనిలో పడ్డాను. ఇప్పుడు అదే కోర్సులో సీటొచ్చిందట. శుక్రవారంలోగా ఉపకారవేతనం ఖాయమైనట్టు కాగితం చూపించకపోతే సీటు ఇంకొకరికి పోతుందని దరఖాస్తు చివర రాసింది.

ఫైలు మూసి మసి బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఏదో కాగితం మీద వంగి నల్ల సిరా పూస్తున్నాడు.

"బాబాయ్, మీకు ముందే తెలుసా?"

"ఇరవై ఏళ్ళ నుంచి చూస్తున్న రాత కదమ్మా" అన్నాడు తలెత్తకుండా. "పేర్లకు మసి పూయమన్నారు గానీ రాతకు పూయమని రూల్లో లేదు. వెతికి చూశాను కూడా."

తెలిసినవాళ్ళ ఫైలు వస్తే వెంటనే చీటీ రాసి సెక్షన్ హెడ్‌కు అప్పగించాలి. అప్పగిస్తే నా ఎర్ర రాత ఆఫీసంతా చూస్తుంది. అప్పగించకుండా నలభై మూడింటితో పాటు దీన్నీ పక్కన పడేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన నాకు రాలేదని అనను. వచ్చింది, కాసేపు కూర్చుంది కూడా. చివరికి చీటీ రాశాను. 'దరఖాస్తుదారు నా కుమార్తె.' ఆ మూడు మాటలు రాయడానికి అరగంట పట్టింది.

సెక్షన్ హెడ్ ఫైలు తిరగేశాడు. ఆయన ముఖంలో ఏమీ కనబడలేదు, అందుకే భయమేసింది. సొరుగులోంచి ఒక ఫారం తీసి ఇచ్చాడు. తల్లిదండ్రులు నిర్ధారించే ఫారం. ఏ ఫైలూ అక్కడిదాకా ఎప్పుడూ రాలేదు కాబట్టి దాని అంచులు కూడా నలగలేదు.

"ఇందులో మూడు ప్రశ్నలున్నాయి. ఇది మీ చేతిరాతేనా, సాయం నిరాకరించిన మాట నిజమేనా, ఎందుకు నిరాకరించారు. మీరు నిజం కాదంటే ఫైలు ఇక్కడితో ఆగిపోతుంది. గురువారానికి ఇవ్వండి" అన్నాడు.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన నీళ్ళ పంపుల దగ్గర పని చేస్తారు. బూట్లు విప్పుతున్నవారు ఒకటి విప్పి, రెండోది విప్పకుండానే కూర్చుండిపోయారు.

"ఇంట్లో ఆడుకున్న ఆట అని రాసెయ్యి" అన్నారు చివరికి. "ఫీజు మనమే కడదాం. లేకపోతే రేపు ఆఫీసులో ఎలా తలెత్తుకుంటావు?"

"మీరెప్పుడూ ఒక్క మాటైనా అనలేదేం, ఇన్నేళ్ళలో?"

"అన్నాను. నన్నూ రాసిమ్మన్నావు."

ఆయన నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. నాకు ఆ సంగతే గుర్తులేదు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు, కానీ నేను అలా అనే ఉంటానని మాత్రం తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం షాపుకు వెళ్ళాను. చిన్నది కౌంటరు వెనక కూర్చుని, ఆవగింజంత స్క్రూను కళ్ళజోడుకు బిగిస్తోంది. నన్ను చూసి స్టూలు జరిపింది. నేను కూర్చోలేదు.

"ఆ ఫైలు వెనక్కి తీసుకో. ఫీజు నేను కడతాను" అన్నాను.

అది స్క్రూడ్రైవరు కింద పెట్టి, కౌంటరు మీదున్న బిల్లుల పుస్తకం తిప్పి, వెనక తెల్ల కాగితం తీసింది. పెన్ను మూత తీసింది.

"సరేనమ్మా. ఏం రాయమంటావు?"

దెప్పిపొడుస్తోందేమోనని దాని ముఖం చూశాను. దెప్పడమే అయితే ఎంత బాగుండేదో. అది నిజంగానే అడుగుతోంది.

"ఏమీ రాయొద్దు. ఊరికే ఇస్తాను."

"ఊరికే ఎలా ఇస్తావు?" అంది, అర్థం కానట్టు. పెన్ను మూత పెట్టేసింది. "మూడేళ్ళ కోర్సమ్మా. ఈ ఏడాది ఇస్తావు, రెండో ఏడు మళ్ళీ అడగాలి, మూడో ఏడు మళ్ళీ. నాకిక రాసే ఓపిక లేదు. నీమీద కోపంతో పెట్టలేదు ఫైలు. నిజం చెప్పాలంటే నువ్వు సంతోషిస్తావనుకున్నాను."

"సంతోషమా?"

"నువ్వే కదా పెట్టావు ఆ రూలు. అన్నం తింటూ చెప్పావు కూడా. ఇంట్లో రాసి అడిగి ఉండాలి, ఇంట్లోవాళ్ళు రాసి కాదని ఉండాలి అని. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. ప్రపంచంలో అలాంటి కాగితాలు ఇంకెవరి దగ్గరుంటాయి? నా దగ్గరే ఉంటాయి. నీకు ఎదురుగా ఇవ్వడం చేతకాదు కదా, అందుకని ఇలా చుట్టూ తిప్పి ఇస్తున్నావనుకున్నాను. నాకోసమే పెట్టావనుకున్నాను."

నేను స్టూలు మీద కూర్చున్నాను. షాపులో గోడ నిండా కళ్ళజోళ్ళు, వాటిలో ఒక్కదానిలోనూ కళ్ళు లేవు, అన్నీ నన్నే చూస్తున్నట్టున్నాయి. నెత్తిన పిడుగు పడడమంటే ఏమిటో నాకు సోమవారం తెలిసిందనుకున్నాను. అది ఉరుము మాత్రమే. అవునని అబద్ధం చెప్పలేను, కాదని నిజమూ చెప్పలేను. ఎవరో ముసలాయన కళ్ళజోడు బాగు చేయించుకోవడానికొస్తే ఆ వంకతో లేచి వచ్చేశాను.

బుధవారం ఫారం నింపాను. ఇది మీ చేతిరాతేనా? అవును. నిరాకరించిన మాట నిజమేనా? అవును. కారణం దగ్గర ఇలా రాశాను: 'అమ్మాయి బాగా రాసేది. మళ్ళీ రాయించాలని తిప్పి పంపాను.'

గురువారం సెక్షన్ హెడ్ నన్ను పిలిచాడు. తలుపు ఆయనే మూశాడు.

"కారణం మార్చండి. ఇది చదివితే ఎవరూ నమ్మరు. చేతిలో డబ్బాడలేదనో, పిల్ల మాట వినలేదనో రాయండి. కన్నతల్లి ఇంత మాత్రానికి కాదంటుందా?"

"అంది సార్."

"మీ మంచికే చెబుతున్నాను."

"ముప్ఫై ఒక్కసార్లు అంది సార్. ఇంకో కారణం లేదు. ఉంటే నాకే బాగుండేది."

"మీది ఫీజు కట్టగలిగే ఇల్లు" అన్నాడు. "అయినా కట్టని ఇల్లు. రూలు చూసేది రెండోదాన్నే. మీరు రాసిన రూలే." స్టాంపు తీసి గుద్దాడు. మంజూరు. ఆ రూలు కింద నెగ్గిన మొదటి ఫైలు మా ఇంటిది.

నాకు సంతోషం కలగలేదు. బల్ల దగ్గరికి వచ్చి బీరువా వైపు చూస్తే అందులో నలభై మూడు ఫైళ్ళున్నాయి. నాన్న చేత్తోనే జవాబిచ్చే కుర్రాడు అందులోనే ఉన్నాడు. వాడి ఇంట్లో తలుపుకు క్లిప్పు లేదు, ఎర్ర పెన్నూ లేదు. నా కూతురికి కాదనడానికైనా ఒక కాగితం దొరికింది. వాడికి అదీ దొరకలేదు కాబట్టి వాడు ఓడిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం చిన్నది ఫోన్ చేసింది.

"సీటు ఖాయమైందమ్మా. నీకు చెప్పాలనిపించింది. ఆ రూలు పెట్టినందుకు."

ఊరుకుంటే పోయేది. ఆ ఒక్క భ్రమ దానికి మిగిలేది. నాకూ మిగిలేది. కానీ ఆ వారమంతా చూసింది చాలు అనిపించింది.

"ఆ రూలు నీకోసం పెట్టలేదమ్మా" అన్నాను.

అటు కళ్ళజోళ్ళు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

"మరి ఎవరికోసం పెట్టావు?"

"ఎవరికీ అందకూడదని పెట్టాను."

ఫోన్ పెట్టేసిందనుకున్నాను. పెట్టలేదు. "ఎంతమందికి అందలేదు?" అని అడిగింది.

"నలభై మూడు."

"అందరూ రాశారా? నాలాగా?"

"రాశారు. బాగానే రాశారు."

ఏడుస్తోందో లేదో తెలియలేదు. "దాన్ని తీసేయించడానికి ఏం చేయాలి?" అంది చివరికి.

"పైవాళ్ళకు అప్లికేషన్ పెట్టాలి."

"అయితే రాయి" అని పెట్టేసింది.

శనివారమంతా రాశాను. గౌరవనీయులైన అధికారిగారికి అని మొదలుపెట్టడం, కారణం దగ్గరికి వచ్చి ఆగిపోవడం. ఇరవై రెండేళ్ళు ఇంకొకళ్ళ కారణాలు కొలిచినదాన్ని, నా కారణం నాలుగు వాక్యాలు రాయలేకపోయాను. రూలు వల్ల ఇబ్బందులున్నాయి అని రాస్తే అది అబద్ధంలా ఉంది. రూలు తప్పు అని రాస్తే ఎవరి తప్పు అని కాగితమే అడుగుతున్నట్టుంది. వంటగదిలో బల్ల మీద చించిన కాగితాలు గుట్టపడ్డాయి. మా ఆయన వాటిని చూసి టీ పెట్టి ఇచ్చారు.

ఆదివారం పొద్దున చిన్నది వచ్చింది. వస్తుందని నేను అనుకోలేదు. చెప్పులు విప్పి, సంచీ దించకుండానే బల్ల దగ్గర నిలబడి, నేను రాసిన ఆఖరి కాగితం తీసుకుంది. కళ్ళజోడు సరిచేసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. నేను వంటగది గుమ్మంలో నిలబడ్డాను, తలుపుకు ఆ క్లిప్పు ఇంకా అలాగే ఉంది.

"కారణం చాలదమ్మా" అంది. కాగితం నా చేతికిచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ నలభై మూడు మంది ఏం రాశారో చెప్పు. పేర్లొద్దు. అవన్నీ పెట్టి మళ్ళీ రాద్దాం."

నేను చెప్పడం మొదలుపెట్టాను. చేత్తో జవాబిచ్చే నాన్న దగ్గర నుంచి.